పెట్టను పొదగేసే ముందు జాగ్రత్తలు

- ముందు పుంజు సంగతి. అసీల్ (పందెం కోడి జాతి) పుంజుకు, వనరాజా (పెరటి పెంపకానికి తయారుచేసిన మేలు జాతి) పెట్టకు సంకరం కావాలంటే మిగతా పుంజుల్ని మూడు వారాల ముందే వేరు చేయండి. ఒకసారి జత కట్టాక పాత పుంజు బీజం రెండు వారాలకు పైగా పెట్ట కడుపులో నిలిచి ఉంటుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పిల్లలన్నీ ఒకే రంగులో వస్తాయని మాత్రం ఆశపడకండి.
- వారం లోపు పెట్టిన గుడ్లే తీసుకోండి. ఫ్రిజ్‌లోవి వద్దు, కడగొద్దు. సన్నటి కొన కిందికి ఉంచి దాచండి.
- వనరాజాకు పొదిగే గుణం తక్కువ. అందుకే నాటు పెట్టను నమ్ముకోండి, 10-12 గుడ్లు చాలు. ముందురోజే రెక్కల కింద పేలు చూడండి. పేల బాధకు పెట్ట మధ్యలో లేచిపోయిందా, గుడ్లన్నీ మురిగినట్టే.
- గంపలో వరిగడ్డి, పక్కనే నీళ్లు, గింజలు. పిల్లి, పాము రాని చోటు.
- పొదగేసిన తేదీ గోడ మీద రాయండి. 7వ రోజు రాత్రి టార్చి వెలుగులో చూసి, నరాలు కనపడని గుడ్లు తీసేయండి. 21వ రోజుకు పిల్లలు.
- కోళ్లను చంపే కొక్కెర తెగులుకు (రాణిఖేత్) టీకా చుక్కలు పిల్లలకు మొదటి వారంలోనే వేయాలి. పశువైద్యశాలలో ముందే అడిగి ఉంచుకుంటే అప్పుడు టెన్షన్ ఉండదు.