ఎలుగుబంట్లున్న అడవికి తుపాకీ తీసుకెళ్లాలా?

ఎల్లోస్టోన్‌లోనో అలాస్కాలోనో నాలుగు రోజులు అడవిలో నడుద్దామనుకునే మనవాళ్లకు, గ్రిజ్లీ ఎలుగుబంట్ల మాట వినగానే, వెంట తుపాకీ ఉంటే మంచిదేమోనన్న ఆలోచన వస్తుంది. దుకాణానికి వెళ్లేముందు మీ వీసా చూసుకోండి. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, బీ-2 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారి దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది గానీ, న్యాయవాదిని అడగకుండా దాన్ని నమ్ముకోవద్దు. స్నేహితుడి పిస్టల్‌ను మీ సంచిలో మోసినా చిక్కే.

గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్నవారు ఆయా రాష్ట్రాల చట్టాలకు లోబడి నేషనల్ పార్కుల్లోకి తుపాకీ తీసుకెళ్లడానికి 2010 ఫిబ్రవరి నుంచి వీలుంది. అయితే వెంట ఉంచుకోవడం వేరు, పేల్చడం వేరు. రెండో దానిపై పార్కు నిబంధనలు విడిగా ఉన్నాయి. సందర్శకుల కేంద్రాల్లోకి తుపాకీతో అడుగుపెట్టకూడదు.

చట్టం అనుమతించినా, అలవాటు లేని చేతిలో అది ఎంతవరకు కాపాడుతుందన్నదే అసలు ప్రశ్న. గ్రిజ్లీ గంటకు 50 కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెత్తగలదు; అంటే 30 మీటర్ల దూరం రెండు సెకన్ల పని. ఆ రెండు సెకన్లలో పిస్టల్ తీసి, ఎగిరిపడుతూ వచ్చే తలకు గురిపెట్టడం ఏళ్ల తరబడి సాధన చేసినవారికే కష్టం. గురి తప్పి గాయపడిన జంతువు మరింత ప్రమాదకరం. అలాస్కా సంఘటనలపై 2012లో వెలువడిన అధ్యయనంలో, తుపాకీ వాడినవారికీ, తుపాకీ వెంట ఉన్నా వాడనివారికీ గాయాల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తుపాకీకి బదులు బేర్ స్ప్రే ఉంది; అంటే మీదికొచ్చే ఎలుగును ఆపడానికి కొట్టే మిరప ఘాటు మందు డబ్బా. అలాస్కాలోనే ఆ స్ప్రే వాడిన ఘటనలపై 2008లో వచ్చిన అధ్యయనంలో, స్ప్రే దగ్గరున్నవారిలో 98 శాతం మందికి గాయాలే కాలేదు. రెండింటి పరిస్థితులూ ఒకటి కావు కనుక అంకెలను నేరుగా పోల్చడం సరికాదు. అయినా కొత్తవారికి నేను స్ప్రేనే గట్టిగా చెబుతాను.

కొనేటప్పుడు డబ్బా మీద ‘బేర్ స్ప్రే’ అని ఉందో లేదో, గడువు తేదీ దాటిందో లేదో చూడండి. మనుషుల కోసం అమ్మే పెప్పర్ స్ప్రే ఇందుకు పనికిరాదు. బేర్ స్ప్రేను బ్యాగు లోపల కాకుండా నడుముకో ఛాతీకో కట్టుకోండి. బొటనవేలితో సేఫ్టీ క్లిప్‌ను వెనక్కి లాగడం, మీటపై వేలు ఆనించడం ఇంటి దగ్గరే, మందులేని సాధన డబ్బాతో, చూడకుండా చేయగలిగేదాకా అలవాటు చేసుకోండి. ఎలుగు మీదికి వస్తుంటే, అది 10 నుంచి 18 మీటర్ల దూరంలో ఉన్నప్పుడే, మీకూ దానికీ మధ్య పొగమబ్బు అడ్డు నిలిచేలా కాస్త కిందికి వంచి కొట్టండి. గుడారం మీదా బట్టల మీదా ముందుగా చల్లుకోవద్దు; ఆ వాసనకు ఎలుగులు దూరం పోకపోగా దగ్గరికి రావచ్చు.

కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో మాత్రం బేర్ స్ప్రేకు అనుమతి లేదు. విమానంలో చేతిసంచిలోనే కాదు, చెకిన్ సామానులోనూ దాన్ని పెట్టనివ్వరు కనుక దిగిన ఊళ్లో కొనుక్కోండి లేదా అద్దెకు తీసుకోండి. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే పేలవచ్చు.