బరువు తగ్గే ఆపరేషన్ ఫలించనప్పుడు: రెండోదానికి ఒప్పుకునే ముందు ఏం చేయాలి

బరువు తగ్గడానికి కడుపు ఆపరేషన్ చేయించుకున్న కొన్నేళ్లకు మళ్లీ ఒళ్లు వచ్చినా, బరువు తగ్గి కూడా గుండెమంట, వాంతులు వదలకపోయినా రెండో ఆపరేషన్ మాట వస్తుంది. దీన్నే వైద్యులు రివిజన్ సర్జరీ అంటారు. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగువారు ఇలాంటి ఆపరేషన్ కోసం విశాఖపట్నమో, భువనేశ్వరో, హైదరాబాదో వెళ్తారు. ఇంటికి తిరిగి వచ్చాక ఆ ఆసుపత్రితో సంబంధం క్రమంగా తెగిపోతుంది. ఆ దూరాన్ని దృష్టిలో పెట్టుకునే ఈ వివరాలు రాస్తున్నాను. మొదటిది ఎందుకు ఫలించలేదో తేలకుండా రెండోదానికి ఎవరూ ఒప్పుకోకూడదు, ఎంత పేరున్న సర్జన్ చెప్పినా సరే.

ముందుగా, మొదటి ఆపరేషన్ నిజంగా విఫలమైందో లేదో లెక్క వేసి చూసుకోవాలి. స్లీవ్ (కడుపును కత్తిరించి సన్నని గొట్టంలా చేసేది) అయినా, బైపాస్ (కడుపును చిన్నది చేసి, పేగులో కొంత భాగాన్ని దాటించేది) అయినా బరువు ఎక్కువగా తగ్గేది మొదటి ఏడాది, ఏడాదిన్నరలోనే. ఆ తర్వాత కొన్ని కిలోలు తిరిగి రావడం చాలామందికి సహజం. ఎత్తుకు తగిన బరువు కంటే అదనంగా ఉన్న కిలోల్లో సగమైనా తగ్గితే ఆపరేషన్ ఫలించినట్టు భావించడం వైద్యుల్లో చాలాకాలంగా ఉన్న పద్ధతి. 110 కిలోల మనిషికి ఉండవలసిన బరువు 60 అనుకుంటే అదనం 50 కిలోలు. ఆ మనిషి 78కి దిగి, మూడేళ్లకు 84కి చేరినా 26 కిలోలు తగ్గినట్టే. అదే మనిషి 92 దగ్గరే ఆగిపోయినా, 78కి దిగి మళ్లీ 100 దాటినా, అదుపులోకి వచ్చిన షుగరు తిరగబెట్టినా కారణం వెతకవలసిందే. గుండెమంట, మింగుడు పడకపోవడం, పోషకాల లోపం ఉన్నవారికి మాత్రం ఈ కిలోల లెక్కతో పని లేదు. వారు వెంటనే చూపించుకోవాలి.

తర్వాతి పని కాగితాలు సంపాదించడం. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు, ఆపరేషన్ నోట్స్ కావాలి. స్లీవ్ ఎంత లావు గొట్టం ఆధారంగా కత్తిరించారు, బైపాస్ అయితే ఎన్ని సెంటీమీటర్ల పేగును దాటించారు, కడుపుకూ పేగుకూ అతుకు ఎక్కడ వేశారు అన్నవి అందులోనే ఉంటాయి. ఇవి లేకపోతే రెండో సర్జన్ సగం చీకట్లో పని చేయవలసి వస్తుంది. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన తేదీ నుంచి మూడేళ్లు భద్రపరచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కాబట్టి మూడేళ్లు నిండకముందే రాతపూర్వకంగా అడిగి తీసుకుని, ఫోనులో ఒక కాపీ ఉంచుకోవడం మంచిది. ఇప్పటికి ఏ ఇబ్బందీ లేనివారు కూడా ఈ పని చేసిపెట్టుకోవాలి.

మూడోది తిండి. దీని మీద కొంచెం ఎక్కువగా చెప్పక తప్పదు, ఎందుకంటే రివిజన్ దాకా వచ్చిన చాలామందికి కడుపు పెద్దది కాలేదు, తినే తీరు మారింది. కనీసం రెండు వారాలు నోట్లో పడిన ప్రతిదీ వేళతో సహా రాయాలి. మన వైపు ఒక రోజు ఇలా సాగుతుంది: తెల్లవారగానే చక్కెర టీ, పది గంటలకు ఇంకొకటి, మధ్యాహ్నం పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం), సాయంత్రం గుప్పెడు గుప్పెడుగా గంటసేపు మూరీ (మరమరాల) మిక్చరు, ఎవరింటికైనా వెళ్తే ఒక రసగుల్లా, రాత్రి రెండు ముద్దల అన్నం. అడిగితే ఆ మనిషి, "నేను రెండు ముద్దలే తింటున్నానండీ" అని నిజాయితీగానే అంటారు. పఖాళ, గంజి, టీ, షర్బతు చిన్న కడుపులో ఆగకుండా జారిపోతాయి. మూరీ కొంచెం కొంచెంగా ఎంతైనా పడుతుంది. గుడ్డు, చేప, ఛెనా (విరిచిన పాల ముద్ద), పప్పు లాంటి మాంసకృత్తులు ముందు తిని, నీళ్లు భోజనానికి అరగంట ఎడంగా తాగితే కొందరికి బరువు మళ్లీ దిగుతుంది. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు; ఆకలి పెంచే హార్మోన్లు, మనసులోని దిగులు, నిద్రలేమి మనిషిని ఇటే లాగుతాయి. కొన్ని మందుల వల్ల కూడా బరువు పెరుగుతుంది. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, మానసిక జబ్బులకు ఇచ్చే ఒలాంజపైన్, మూర్ఛకు ఇచ్చే వాల్‌ప్రోయేట్ వాడుతున్నవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి గానీ సొంతంగా మానకూడదు.

పరీక్షల్లో ఎండోస్కోపీ, మందు మింగించి తీసే ఎక్స్‌రే తప్పనిసరి. అవసరమైతే సీటీ స్కాన్ కూడా చేస్తారు. రక్తంలో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఇనుము నిల్వ), బీ12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, ఆల్బుమిన్, థైరాయిడ్, మూడు నెలల షుగరు చూడాలి. కోరాపుట్, రాయగడ వైపు సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) ఉన్నవారు ఎక్కువ కాబట్టి రక్తహీనత ఉంటే ఆ పరీక్ష కూడా అడగాలి. లోపాలు సరిచేయకుండా ఆపరేషన్ బల్ల ఎక్కడం మంచిది కాదు.

కారణం దొరికాకే ఏ ఆపరేషన్ అన్నది తేలుతుంది. స్లీవ్‌లో కడుపులో నాలుగింట మూడొంతుల దాకా తీసేస్తారు. పై భాగం కొంత మిగిలిపోయినా, గొట్టం తర్వాత సాగినా బరువు తిరిగి వస్తుంది. స్లీవ్ తర్వాత గుండెమంట తీవ్రంగా ఉంటే రూ-ఎన్-వై బైపాస్‌గా (చిన్న కడుపు సంచికి పేగును Y ఆకారంలో కలిపేది) మార్చడమే సాధారణంగా ఎంచుకునే దారి. మంట ఉన్నవారికి మళ్లీ స్లీవే చేస్తామంటే ఇంకొక వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలి. ఒకే అతుకుతో చేసే మినీ బైపాస్ తర్వాత పసరు పైకి తన్నుతుంటే దాన్ని కూడా రూ-ఎన్-వైకి మారుస్తారు; మనిషి మరీ చిక్కి నీరసించిపోతుంటే దాటించిన పేగు పొడవు తగ్గిస్తారు, లేదా పూర్వస్థితికి తెస్తారు. బైపాస్‌లో అతుకు వెడల్పైతే కొందరికి ఎండోస్కోపీ ద్వారానే కుట్లు వేసి బిగించవచ్చు. ఏ లోపమూ కనబడకుండా బరువు మాత్రమే పెరిగినవారు మందుల మార్గం కూడా అడగాలి. ఆకలి తగ్గించే ఇంజెక్షన్లు టిర్జెపటైడ్, బరువు తగ్గడం కోసమే ఇచ్చే మోతాదులో సెమాగ్లుటైడ్ 2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. ఇవి డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి, మత్తుమందు ఇచ్చే వైద్యుడికి ముందే చెప్పాలి.

రెండో ఆపరేషన్‌లో ప్రమాదం మొదటిదానికంటే ఎక్కువ. లోపలి అవయవాలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి, కుట్ల దగ్గర కారడం, రక్తస్రావం, ఇరుకు ఏర్పడడం ఎక్కువగా జరుగుతాయి. అందువల్ల సర్జన్‌ను, "మీరు ఏటా ఎన్ని రివిజన్లు చేస్తారు, కుట్లు కారితే రాత్రిపూట చూసేవారెవరు, ఐసీయూ ఇక్కడే ఉందా?" అని మొహమాటం లేకుండా అడగాలి. చుట్ట, ఖైనీ, గుట్కా వారాల ముందే పూర్తిగా మానాలి. బైపాస్ అతుకు దగ్గర పుండు పడడానికి పొగాకు పెద్ద కారణం.

బీమా విషయంలో ఒక చిక్కుంది. మన దేశంలో ఆరోగ్య పాలసీల ప్రామాణిక నిబంధన ప్రకారం బరువు తగ్గే ఆపరేషన్‌కు బీమా వర్తించాలంటే బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే కొలత) 40 అయినా ఉండాలి, లేదా 35 ఉండి నిద్రలో శ్వాస ఆగే తీవ్రమైన జబ్బు, గుండె జబ్బు, అదుపులో లేని షుగరు లాంటివి ఉండాలి. కొంత తగ్గి మళ్లీ పెరిగినవారు ఈ గీతకు దిగువన ఉండవచ్చు. గుండెమంట లేదా ఇరుకు కోసం చేస్తున్నట్లయితే ఆ కారణాన్ని ఎండోస్కోపీ రిపోర్టుతో సహా స్పష్టంగా రాయించి, ఆసుపత్రిలో చేరకముందే ఆమోదం రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఆపరేషన్ అయ్యాక రెండు వారాలైనా ఆ ఊళ్లోనే ఉండాలి. కోరాపుట్ ఘాట్ మీదుగా వచ్చే రైలైనా, బరంపురం రైలైనా గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు. గంటకోసారి లేచి నడవాలి, నీళ్లు గుక్కలు గుక్కలుగా తాగుతూ ఉండాలి. జ్వరం, గుండె దడ, ఎడమ భుజం నొప్పి, ఆయాసం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు. బైపాస్ అయినవారికి ఏళ్ల తర్వాతైనా మెలిపెట్టే కడుపునొప్పి వస్తే గ్యాస్ అనుకోకుండా సీటీ తీయించాలి, పేగు లోపల ఇరుక్కుని ఉండవచ్చు. నొప్పికి ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వాడకూడదు. ఆడవారు ఏడాది, ఏడాదిన్నర గర్భం రాకుండా చూసుకోవాలి. విటమిన్లు జీవితాంతం వేసుకోవాలి.

వాంతులు రోజుల తరబడి ఆగకపోతే మరీ జాగ్రత్త. అప్పుడు విటమిన్ బీ1 (థయమిన్) నిల్వలు అడుగంటి ఉండవచ్చు. నీరసంగా ఉన్నారని దగ్గరి ఆసుపత్రిలో నేరుగా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. తూలడం, ఒకటి రెండుగా కనబడడం, తికమకగా మాట్లాడడం దాని గుర్తులు. అందుకే ఏ ఆపరేషన్ ఎప్పుడు జరిగిందో, గ్లూకోజ్ కంటే ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వాలని, ముక్కులోంచి గొట్టం సర్జన్‌ను అడగకుండా వేయకూడదని సర్జన్ చేతే ఇంగ్లీషులో ఒక చీటీ రాయించి, ఆయన ఫోన్ నంబరుతో సహా ఆధార్ కార్డు ఉన్న పర్సులోనే పెట్టుకోవాలి. ఆ చీటీ ఎక్కడుందో ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి.