సగం తారు, సగం డొంక: రేసుకు ఏ టైరు?

విజయవాడ, గుంటూరు చుట్టూ సైకిలు రేసుకు ఏ దారి గీసినా ఒకే రకం నేల దొరకదు. కరకట్ట మీద తారు, కట్ట దిగగానే ఎర్ర గ్రావెల్, ఆపైన రోలరు సరిగ్గా తొక్కని మెటల్ (కంకర) రోడ్డు, నడుమ నల్లరేగడి డొంక. చాలామంది తారు ఎంత, మట్టి ఎంత అని లెక్కేసి మధ్యరకం టైరు కొంటారు. ఆ లెక్కతోనే దెబ్బతింటారు. టైరు వెడల్పును దారిలోని అతి చెడ్డ రెండు కిలోమీటర్లను చూసి ఎంచుకోవాలి, టైరు మీద నేలను పట్టే గుబ్బలను తారును చూసి ఎంచుకోవాలి.

గట్టిపడిన ఎర్ర గ్రావెల్ వరకే అయితే 35 ఎంఎం వెడల్పు చాలు. కంకర పైకి లేచిన మెటల్ రోడ్డు ఒక్క కిలోమీటరు ఉన్నా 40కి వెళ్లండి. అక్కడ సన్న టైరుతో మిగిల్చుకునేది నిమిషం కూడా ఉండదు, పంక్చరుకు పోయేది ఐదు నిమిషాలు. టైరు మీద రాసిన వెడల్పును మాత్రం నమ్మొద్దు. లోపలి వెడల్పు 21 ఎంఎం ఉన్న రిమ్ము నుంచి 25 ఎంఎం రిమ్ముకు మారితే అదే టైరు ఒకటిన్నర ఎంఎం దాకా లావెక్కుతుంది. కొత్త టైరు గాలి కొట్టాక ఒక రోజులో ఇంకాస్త సాగుతుంది. అందుకే మర్నాడు ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు దగ్గర, వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే ఫ్రేము గొట్టాల (చైన్ స్టే) దగ్గర 5 ఎంఎం ఆలెన్ కీ దూర్చి చూడండి. రెండు పక్కలా, పైనా అది సులువుగా తిరగాలి.

నల్లరేగడి సంగతి వేరు. ఎండినప్పుడు బండి చక్రాల గాడులు రాయిలా ఉంటాయి, వెడల్పు టైరు హాయిగా పోతుంది. తడిస్తే ఏ గుబ్బలూ పనిచేయవు. మట్టి ముద్దలుగా పట్టి ఫ్రేము సందులో ఇరుక్కుని చక్రమే ఆగిపోతుంది. రాత్రి వాన పడితే 40 తీసేసి 35 వేయడమే తెలివి. పట్టు కోసం కాదు, సందు కోసం.

గుబ్బల విషయంలో దురాశ వద్దు. మధ్యలో నున్నగా, అంచుల్లో చిన్న గుబ్బలున్న రకం ఇక్కడి దారులకు సరిపోతుంది: పానరేసర్ గ్రావెల్‌కింగ్ ఎస్ఎస్, విట్టోరియా టెర్రెనో డ్రై లాంటివి. వదులు మట్టి ఎక్కువైతే ముందు చక్రానికి మాత్రం కొంచెం గుబ్బలున్నది వేయండి. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు, ముందుది జారితే నేల మీదే. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద ఏ టైరైనా జారుతుంది, అక్కడ బ్రేకు పట్టకుండా తిన్నగా పోవాలి.

ఇక ముళ్లు. కాలువ గట్ల మీద పల్లేరు కాయలు, తుమ్మముళ్లు ఉన్న ఊళ్లలో ట్యూబుతో రేసు చేయడం మొండితనమే. ట్యూబ్‌లెస్ వేసి, 40 ఎంఎం టైరుకు చిల్లులను లోపలినుంచి మూసే ద్రవం, సీలెంట్, 60 నుంచి 80 మి.లీ. పోయండి. మన ఎండలకు అది రెండు మూడు నెలల్లో గడ్డకడుతుంది. వాల్వు లోపలి పిన్ను (కోర్) విప్పి సన్నటి పుల్ల దించి చూడండి, పుల్లకు తడి అంటకపోతే మళ్లీ పోయాల్సిందే. వాన వల్ల మార్చాల్సి వస్తే తప్ప, టైరు బిగింపు రేసుకు వారం ముందే అయిపోవాలి.

గాలి: 70 కిలోల మనిషికి 40 ఎంఎం ట్యూబ్‌లెస్‌లో ముందు 32, వెనక 35 పీఎస్ఐ, 35 ఎంఎంలో 40, 44. ఇక్కణ్నుంచి మొదలుపెట్టి మార్చుకోండి. ట్యూబు ఉంటే ఆరేడు ఎక్కువ పెట్టాలి, లేకపోతే రాయికి, రిమ్ముకు మధ్య నలిగి ట్యూబుకు పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. రిమ్ము ‘టక్’మని తగిలితే 2 పెంచండి, గ్రావెల్ మీద చక్రం ఎగురుతుంటే 2 తగ్గించండి. ఎండనూ లెక్కలోకి తీసుకోవాలి: తెల్లవారుజామున 26 డిగ్రీల దగ్గర 40 పీఎస్ఐ పెడితే, టైరు 46 డిగ్రీలకు వేడెక్కేసరికి దాదాపు 44 అవుతుంది. టైరు అంచును పట్టే మడత (హుక్) లేని రిమ్ముకు ట్యూబ్‌లెస్ టైరే వేయాలి, 5 బార్, అంటే 72 పీఎస్ఐ దాటకూడదు.

కొనేటప్పుడు ‘28 సైజు’ అని అడక్కండి. పాత నల్ల సైకిలు 28 × 1½ టైరుకు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం 635 ఎంఎం, రేసు సైకిళ్ల 700సీ టైరుకు 622. పేరు కలిసినా రిమ్ముకు కూర్చోదు. టైరు పక్కన 40-622 (వెడల్పు, వ్యాసం) లాంటి అంకె చూసి తీసుకోండి. సన్న ప్రెస్టా వాల్వుకు పంక్చరు షాపు పంపు పట్టదు, ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉంచుకోవాలి.

జేబులో చిల్లులో దూర్చే ప్లగ్గులు, ఒక ట్యూబు, చిరిగిన టైరు లోపల పెట్టడానికి పాత టైరు ముక్క కూడా ఉండాలి. ట్యూబు వేయాల్సి వస్తే ముందు టైరు లోపలంతా వేళ్లతో మెల్లగా తడమండి. సీలెంట్ మూసేసిన ముళ్లు అక్కడే ఉంటాయి, వెతికి తీయకపోతే కొత్త ట్యూబు వంద మీటర్లు కూడా రాదు.