డెర్మాయిడ్ గడ్డ: ఆపరేషన్‌కు ముందు అడగాల్సినవి, తర్వాత తెచ్చుకోవాల్సినవి

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో స్కానింగ్ చేయిస్తే రిపోర్టులో 'డెర్మాయిడ్' అని వచ్చిందా? అండాశయంలో పెరిగే ఈ గడ్డలో కొవ్వు, వెంట్రుకలు, ఒక్కోసారి పళ్లు కూడా ఉంటాయి. దాదాపుగా ఇది క్యాన్సర్ కాదు. నూటికి ఒకటి రెండు గడ్డల్లో మాత్రం, అదీ ఎక్కువగా 45 దాటిన ఆడవాళ్లలో, క్యాన్సర్ పుడుతుంది. అందులో ఎక్కువ భాగం చర్మం లాంటి పొర కణాల్లో పుట్టే స్క్వామస్ సెల్ రకమే. చాలామందికి ఆ సంగతి తీసిన గడ్డను ల్యాబ్‌లో చూసిన బయాప్సీ రిపోర్టు వచ్చాకే తెలుస్తుంది. ముందే అనుమానించడం ఎలాగన్నదే అసలు విషయం.

రిపోర్టులో మొదట సైజు చూడండి. 10 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. గట్టి భాగం ఉందని రాసినంత మాత్రాన భయపడొద్దు, మామూలు డెర్మాయిడ్‌లోనూ చిన్న ముద్ద ఉంటుంది. రక్తప్రసరణను చూపే డాప్లర్ స్కాన్‌లో ఆ ముద్దకు రక్తం పారుతున్నట్టు కనిపిస్తోందా, ముద్ద గడ్డ గోడ దాటి పక్కకు పాకిందా అన్నది అడగాలి. పాత స్కాన్లుంటే తప్పక తీసుకెళ్లండి. డెర్మాయిడ్ నిదానంగా, ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్ల లెక్కన పెరుగుతుంది. ముట్లు ఆగాక గడ్డ వేగంగా పెరిగితే కాంట్రాస్ట్‌తో (నరంలోకి మందు ఎక్కించి) ఎంఆర్ఐ తీయించాలి.

క్యాన్సర్ అనుమానంతో చేసే రక్తపరీక్షల్లో సీఏ 19-9 మామూలు డెర్మాయిడ్‌లోనూ పెరుగుతుంది, దాన్ని చూసి బెంబేలెత్తకండి. సీఏ 125 నార్మల్‌గా ఉందని నిశ్చింతగానూ ఉండకండి. వయసు 45 దాటితే స్క్వామస్ రకం క్యాన్సర్‌ను పట్టిచ్చే ఎస్‌సీసీ యాంటిజెన్ కూడా చేయించమని అడగండి.

సూదితో నీరు తీసేస్తామంటే ఒప్పుకోవద్దు. లోపలి కొవ్వు పొట్టలోకి కారితే పొట్ట లోపలి పొర వాచిపోతుంది. క్యాన్సరే అయితే కణాలు చెల్లాచెదురవుతాయి. అనుమానం ఉన్న గడ్డను పగలకుండా తీయాలి. కీహోల్ (చిన్న రంధ్రాల) ఆపరేషన్ అయినా సంచిలో పెట్టి బయటికి లాగాలి, అలా వీలుకాకపోతే కోసి చేయడమే మంచిది. ఆపరేషన్ సాగుతుండగానే ముక్క చూసే ఫ్రోజెన్ సెక్షన్ ఆ ఆస్పత్రిలో ఉందో లేదో ముందు రోజే కనుక్కోండి. అయితే అందులో ఒకటి రెండు చోట్ల ముక్కే చూస్తారు, చివరి మాట బయాప్సీదే. పాతికేళ్ల అమ్మాయికి అనుమానించే గుర్తులేవీ లేకపోతే గడ్డ మాత్రం తీసి అండాశయం ఉంచడమే సరైన పని. భయంతో అంతా తీయించేయకండి.

చిన్న నర్సింగ్‌హోముల్లో తీసిన గడ్డను డబ్బాలో వేసి ఇంటివాళ్ల చేతికే ఇస్తారు. ఇక్కడే ఎక్కువగా చెడిపోతుంది. సెలైన్‌లో కాదు, 10 శాతం ఫార్మలిన్‌లో, గడ్డకు పదింతల ద్రవం ఉండేలా వేయాలి. పెద్దదైతే కోసి వేస్తే గానీ లోపలికి మందు పట్టదు, కణజాలం కుళ్లిపోతుంది. డబ్బాపై పేరు, వయసు, కుడివైపా ఎడమవైపా అన్నది రాయించండి. గట్టిగా, మందంగా ఉన్న ప్రతిచోటా ముక్క తీసి చూడమని డాక్టరు చేత ల్యాబ్ ఫారంలో రాయించండి.

బయాప్సీలో క్యాన్సర్ అని తేలితే స్లైడ్లు, గడ్డ ముక్కలు పొదిగిన మైనపు బ్లాకులు ల్యాబ్ నుంచి తెచ్చుకుని క్యాన్సర్ పాథాలజిస్టుకు మళ్లీ చూపించండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లోని నాట్కో క్యాన్సర్ సెంటర్‌కు వెళ్లొచ్చు. ఖర్చు గురించి ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్‌లో అడగండి. ఆపరేషన్ నోట్స్ కాపీ కూడా కావాలి. గడ్డ లోపలే పగిలిందా లేదా అన్నది అందులోనే ఉంటుంది. పగిలితే అండాశయం దాటని క్యాన్సర్ కూడా 1ఏ దశ నుంచి 1సీ దశకు మారుతుంది, కీమో ఇవ్వాలా వద్దా అన్నది దాన్నిబట్టే ఆలోచిస్తారు.