కొండల్లోని సరస్సు దగ్గర ఎన్ని రాత్రులు ఉండాలో ఎలా తేల్చుకోవాలి?

మొదటిసారి నైనితాల్ వెళ్లినప్పుడు రెండు రాత్రులకు గది తీసుకున్నాం. శనివారం చీకటి పడ్డాక చేరాం. ఆదివారమంతా చుట్టుపక్కల ఊళ్లు తిప్పే క్యాబ్‌లోనే గడిచిపోయింది. సోమవారం తెల్లవారుతుండగా సామాన్లు ఎక్కించుకుని ఢిల్లీ దారి పట్టాం. కారు సరస్సు దిగువ కొసన ఉన్న తల్లీతాల్ మలుపు దగ్గరికి వచ్చేసరికి అమ్మ కిటికీలోంచి సరస్సును చూసింది. నీళ్ల మీద చిన్న అల కూడా లేదు. ఎదురుగా ఉన్న కొండ మొత్తం తలకిందులుగా నీళ్లలో నిలబడి ఉంది. "ఇది చూడ్డానికే కదరా ఇంత దూరం వచ్చింది" అంది అమ్మ. ఆ మాట నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

హైదరాబాద్ నుంచి కొండల మీది సరస్సులకు వెళ్లేవాళ్లలో చాలామంది "మూడు రోజులు, రెండు రాత్రులు" అన్న ప్యాకేజీ చూసి డబ్బు కట్టేస్తారు. నేను ఇప్పుడు రోజులు లెక్కపెట్టడం మానేసి, సరస్సు ఒడ్డున నిద్ర లేచే ఉదయాలు లెక్కపెడుతున్నాను. దానికి కారణం ఉంది. ఎండ ముదిరేకొద్దీ కొండవాలు వేడెక్కి గాలి పైకి లేస్తుంది, మధ్యాహ్నానికి నీళ్లు కదలడం మొదలవుతుంది, మబ్బులు కమ్ముతాయి. రాత్రంతా చల్లబడ్డాక తెల్లవారుజామున గాలి నిలిచిపోతుంది. సరస్సు అద్దంలా ఉండేది, కొండలు స్పష్టంగా కనిపించేది ఎక్కువగా ఆ రెండు మూడు గంటలే. పడవల వాళ్లూ, మొక్కజొన్న పొత్తుల బండ్లూ వచ్చేలోపే ఆ దృశ్యం అయిపోతుంది.

మొదట, సెలవుల్లోంచి ప్రయాణాన్ని తీసేయండి

ఒక కాగితం మీద ఇంటి తలుపు తాళం వేసే గంట నుంచి, తిరిగి వచ్చి తాళం తీసే గంట వరకు రాయండి. కూకట్‌పల్లిలో ఉండేవాళ్లు శంషాబాద్‌లో ఉదయం ఆరు గంటల విమానం ఎక్కాలంటే మూడు కాకముందే బయల్దేరాలి. అంటే ఆ రాత్రి నిద్ర లేనట్టే. అలాంటి రోజున సాయంత్రం సరస్సు చేరినా పిల్లలకు గానీ పెద్దవాళ్లకు గానీ చూసే ఓపిక ఉండదు. చేరిన రోజును లెక్కలో వేసుకోకండి.

నైనితాల్‌నే తీసుకుందాం. శనివారం మధ్యాహ్నం శంషాబాద్‌లో విమానం ఎక్కితే రెండుంపావు గంటల్లో ఢిల్లీ. రాత్రి పది దాటాక పాత ఢిల్లీ స్టేషన్‌లో రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి కొండల కింద ఆఖరి స్టేషన్ కాఠ్‌గోదామ్. అక్కడి నుంచి నైనితాల్ దాదాపు 35 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. ఆదివారం, సోమవారం, మంగళవారం రాత్రులు అక్కడ ఉండి, బుధవారం మధ్యాహ్నం కాఠ్‌గోదామ్‌లో శతాబ్ది ఎక్కితే రాత్రికి ఢిల్లీ. బయల్దేరే ముందు రైళ్ల వేళలు మరోసారి సరిచూసుకోండి. రైలు ఆలస్యమైతే అర్ధరాత్రి విమానం తప్పిపోతుంది కాబట్టి గురువారం తొలి విమానమే నయం. ఆఫీసుకు పెట్టేది నాలుగు రోజుల సెలవు, మీ చేతికొచ్చేవి మూడు ఉదయాలు. నైనితాల్‌కు నేను చెప్పే కనీస లెక్క ఇదే.

ఈ లెక్కలో ఇంకో మేలు కూడా ఉంది. నైనితాల్‌కు శని, ఆదివారాల్లో ఢిల్లీ చుట్టుపక్కల జనం కార్లలో తరలివస్తారు. సరస్సు ఒడ్డున ఉన్న మాల్ రోడ్డులో నడవడానికి చోటుండదు, గది అద్దె కూడా పెరుగుతుంది. మనం ఆదివారం చేరితే, ఆ మధ్యాహ్నం వాళ్లు దిగిపోతుంటారు. సోమవారం పొద్దున ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. వారాంతంలో దారిలో ఉండండి, వారం మధ్యలో సరస్సు దగ్గర ఉండండి. కొడైకెనాల్‌కు కూడా ఇదే పనికొస్తుంది.

రెండోది, ఎత్తు ఎంతో చూడండి

రాత్రుల సంఖ్యను అన్నిటికంటే గట్టిగా నిర్ణయించేది ఇదే. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. కొడైకెనాల్, నైనితాల్ రెండూ 2,100 మీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. శ్రీనగర్‌లోని దాల్ సరస్సు 1,600 మీటర్ల లోపే. ఈ మూడు చోట్లా ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఎత్తు గురించి పెద్ద దిగులు అక్కర్లేదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులు కాకుండా చూసుకుంటే చాలు.

లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు సంగతి వేరు. విమానం దిగే లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్లు, పాంగాంగ్ సుమారు 4,250. సముద్రమట్టంతో పోలిస్తే ఒక్కో ఊపిరిలో అందే ఆక్సిజన్ లేహ్‌లో మూడింట రెండొంతులు, పాంగాంగ్ దగ్గర 60 శాతం మాత్రమే. నేరుగా వెళ్లే దారిలో 5,300 మీటర్లు దాటిన చాంగ్‌లా కనుమ కూడా ఎక్కాలి. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ ఇంకో రాత్రికీ పడుకునే చోటు ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది పర్వత వైద్యంలో పాటించే సూత్రం. లేహ్‌లో దిగిన మర్నాడే పాంగాంగ్ వెళ్లడమంటే ఆ సూత్రాన్ని దాటడమే.

అందుకని పాంగాంగ్‌కు నా లెక్క రెండు వారాంతాలు, మధ్యలో ఐదు సెలవులు. శనివారం హైదరాబాద్ వదిలి రాత్రి ఢిల్లీలో ఉండండి. ఆదివారం పొద్దున్నే లేహ్. మొదటి రెండు రోజులూ గదిలో, ఊళ్లో మెల్లగా గడపండి, మూడో రోజు చుట్టుపక్కల గొంపాలు (బౌద్ధ మఠాలు) చూడండి. మూడు రాత్రులయ్యాక బుధవారం నుబ్రా లోయకు వెళ్లండి. అది లేహ్ కంటే కాస్త కిందే ఉంటుంది, అక్కడ పడుకుంటే ఒంటికి హాయి. గురువారం ష్యోక్ నది దారిలో పాంగాంగ్, అక్కడ ఒకే ఒక్క రాత్రి. ఈ ఎక్కుడు కూడా 500 మీటర్లు దాటేదే, అందుకే ముందు అన్ని రాత్రులు అలవాటు పడాలి. శుక్రవారం లేహ్‌కు దిగిపోవాలి. శనివారం ఖాళీగా ఉంచి ఆదివారం విమానం ఎక్కండి.

తొమ్మిది రోజుల్లో పాంగాంగ్ దగ్గర ఒక్క రాత్రేనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ ఆ ఎత్తులో తొలి రాత్రి నిద్ర సరిగా పట్టదు, తలనొప్పి ఉంటుంది, వేసవిలో కూడా చలి సున్నా దాకా దిగొచ్చు. ఒంటికి బాగా అలవాటైన వాళ్లకే రెండో రాత్రి సుఖం. అయినా ఆ ఒక్క ఉదయం తక్కువేమీ కాదు. సూర్యుడు పైకి వచ్చేకొద్దీ నీలిరంగు మారుతూ పోతుంటే కళ్లు తిప్పుకోలేం. అంతకంటే తక్కువ సమయం ఉంటే పాంగాంగ్‌ను మరో ఏడాదికి దాచుకోమనే చెబుతాను. ఉదయం వెళ్లి సాయంత్రానికి లేహ్ చేరే ట్రిప్పులు ఉన్నాయి గానీ, పది గంటలు కారులో కూర్చుని మిట్టమధ్యాహ్నం గంటన్నర చూసి రావడమవుతుంది.

గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు, గర్భిణులు టికెట్లు కొనకముందే డాక్టర్‌ను అడగాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడిస్తే అడుగులు తడబడినా ఎన్ని రాత్రులు బుక్ చేశామన్నది మరిచిపోయి వెంటనే కిందికి దిగాలి.

మూడోది, సరస్సుకు ఎంత, చుట్టుపక్కలకు ఎంత?

సరస్సు ఒక్కటే చూడాలంటే రెండు ఉదయాలు, రెండు సాయంత్రాలు సరిపోతాయి. ఒక ఉదయం చుట్టూ నడవడానికి, ఇంకొకటి ఊరికే కూర్చోవడానికి. నైనితాల్ సరస్సు చుట్టూ మూడున్నర కిలోమీటర్లే, ట్యాంక్‌బండ్ మీద సాయంత్రం నడిచేవాళ్లకు లెక్కలోది కాదు. కొడైకెనాల్ సరస్సు చుట్టూ ఐదు కిలోమీటర్లు, అద్దె సైకిల్ మీద హాయిగా తిరగొచ్చు.

తక్కిన చోట్లకు రోజుకు ఒక్క దిక్కు పెట్టుకోండి. నైనితాల్ నుంచి భీమ్‌తాల్, సాత్‌తాల్, నౌకుచియాతాల్ సరస్సులు ఒక దిక్కు. నైనా పీక్ నడక ఇంకో దిక్కు, దాని ఎత్తు 2,615 మీటర్లు. రెండూ ఒకే రోజు పెడితే మళ్లీ క్యాబ్‌లోనే గడుస్తుంది. నాలుగో రాత్రి దొరికితే దాన్ని నైనితాల్‌లో కాకుండా నౌకుచియాతాల్‌లో గడపమంటాను. అక్కడ పొద్దున పక్షుల అరుపు తప్ప ఇంకేం వినపడదు. రెండోసారి వెళ్లినప్పుడు అమ్మ అక్కడే ఎక్కువసేపు కూర్చుంది.

కొడైకెనాల్‌కు మధురై దాకా విమానం, అక్కడి నుంచి మూడున్నర, నాలుగు గంటల కారు ప్రయాణం. మూడు రాత్రులు చక్కగా సరిపోతాయి. సొంత కారులో గానీ క్యాబ్‌లో గానీ వెళ్లేవాళ్లకు 2024 మే నుంచి ఈ-పాస్ (ఆన్‌లైన్ అనుమతి) నిబంధన వచ్చింది, ఊటీకి కూడా అంతే. బయల్దేరే ముందే తీసుకోండి.

నాలుగోది, ఒక రోజు వానకు, ఒక లెక్క డబ్బుకు

జూలై నుంచి సెప్టెంబర్ దాకా నైనితాల్ ఉన్న కుమావూ కొండల్లో వానలు, కొండచరియలు విరిగి పడటం మామూలే. నైనితాల్‌లో 1880 సెప్టెంబర్‌లో జరిగిన అలాంటి ప్రమాదంలో 151 మంది చనిపోయారు. ఆ నెలల్లో వెళ్లాల్సి వస్తే ఒక రోజు అదనంగా పెట్టుకోండి, లేదంటే దసరా సెలవులకు జరుపుకోండి. లేహ్‌కు ఏ కాలంలోనైనా ఈ అదనపు రోజు తప్పనిసరి. అక్కడ విమానాలు ఎక్కువగా ఉదయం పూటే తిరుగుతాయి, వాతావరణం బాగోకపోతే రద్దవుతాయి. ఆ రోజును చివర్లోనే ఉంచండి.

డబ్బు విషయంలో చాలామంది ఒక రాత్రి తగ్గిస్తే మిగులుతుందనుకుంటారు. నలుగురికి రానుపోను 40 వేలు అయిందనుకోండి. రెండు రాత్రులుంటే ఒక్కో రాత్రికి ప్రయాణమే 20 వేలు పడుతుంది, నాలుగు రాత్రులుంటే 10 వేలు. ఖరీదైన లేక్ వ్యూ గదిలో రెండు రాత్రులకంటే, మెట్లు ఎక్కాల్సిన మామూలు గదిలో నాలుగు రాత్రులు మేలు. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే మాత్రం మెట్ల గురించి ముందే ఫోన్ చేసి అడగండి. కొండ ఊళ్లలో "సరస్సుకు ఐదు నిమిషాలు" అంటే అది దిగేటప్పటి లెక్క కావచ్చు.

బుకింగ్ చేసేటప్పుడు చివరి రాత్రిని డబ్బు వెనక్కి వచ్చే షరతుతో విడిగా తీసుకోండి. అప్పుడు వాన పట్టుకుంటే ఒక రోజు ముందే దిగిపోవచ్చు. లద్దాఖ్ వెళ్లేవాళ్లు ఇంటి నుంచి బయల్దేరేముందే పోస్ట్‌పెయిడ్ సిమ్ ఒకటి చూసుకోవాలి. ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు. విమానం రద్దయిన రోజున హోటల్‌కు ఫోన్ చేసి ఇంకో రాత్రి గది ఉంచమని అడగాల్సింది దాంతోనే.