ఆర్పీఎం ముల్లు గంతులేస్తుంటే ముందు మీటర్ పీకొద్దు

బండి స్టార్ట్ చేసి వదిలేస్తే ఇంజిన్ నిమిషానికి 900 చుట్ల (ఆర్పీఎం అంటే అదే) దగ్గర నిమ్మళంగా తిరుగుతున్నట్టు చెవికి తెలుస్తూనే ఉంటుంది, మీటర్‌లో ముల్లు మాత్రం ఒకసారి 2000, ఇంకోసారి సున్నా. పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు పెట్టుకున్న ఎవరైనా ఎప్పుడో ఒకప్పుడు ఈ భాగోతం చూడాల్సిందే. నేను చేసిన తెలివితక్కువ పని ముందే చెప్తా: నెల్లూరులో ఒక ఎలక్ట్రీషియన్ మాట విని డ్యాష్‌బోర్డు విప్పించి, ఎక్కడెక్కడో వెతికి సెకండ్‌హ్యాండ్ మీటర్ తెచ్చి పెట్టిస్తే అది కూడా అచ్చం అట్టాగే గంతులేసింది.

కాబట్టి తేల్చుకోవాల్సింది ఒకటే. అబద్ధం చెప్తున్నది ముల్లా, ముల్లుకు కబురు మోసే వైరా, లేక ఇంజినే నిజంగా ఎగిరెగిరి పడుతోందా?

ఓబీడీ సాకెట్ (బండి కంప్యూటర్ చెప్పేది చదువుకునే ప్లగ్గు) ఉన్న బండైతే పని సులువు. చిన్న బ్లూటూత్ అడాప్టర్ పెట్టి ఫోన్‌లో ఆర్పీఎం చూడండి. ఫోన్‌లో అంకె నిలకడగా ఉండి ముల్లు ఒక్కటే ఆడుతుంటే తప్పు మీటర్ వైపు. రెండూ ఒకేసారి పడిపోతే క్రాంక్ సెన్సర్‌నీ (ఇంజిన్ తిరుగుడు పసిగట్టేది) దాని వైరునీ అనుమానించాలి, ఫోన్‌లో పీ0335 అనే లోపం కోడ్ కూడా కనిపిస్తే ఇంక చూడాల్సింది అక్కడే.

సాకెట్ లేని పాత బండికి రోడ్డే స్కానర్. గంటకు 60 కిలోమీటర్లంటే నిమిషానికి సరిగ్గా 1000 మీటర్లు. నా బండి టైరు 185/60 ఆర్14, చుట్టుకొలత దాదాపు 1.81 మీటర్లు, అంటే చక్రం నిమిషానికి 551 చుట్లు తిరగాలి. నాలుగో గేరు నిష్పత్తి 1.0, ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ తర్వాత ఉండే ఆఖరి గేరు) నిష్పత్తి 4.1, అంటే చక్రం ఒక చుట్టుకు ఇంజిన్ 4.1 చుట్లు, కాబట్టి నాలుగో గేరులో ఇంజిన్ 2260 దగ్గర ఉండాలి. కావలి దాటాక సింగరాయకొండ వైపు హైవే ఖాళీగా ఉన్నప్పుడు ఫోన్‌లో జీపీఎస్ పెట్టి, పక్క సీట్లో తమ్ముణ్ణి కూర్చోబెట్టి, 60 దగ్గర ముల్లు ఆ అంకె చూపిస్తోందా అని చూసుకున్నాం. స్పీడోమీటర్‌ని నమ్మొద్దు, అది మామూలుగానే కాస్త ఎక్కువ చూపిస్తుంది.

ఇక ముల్లు తప్పు చూపే తీరులోనే సగం జవాబు ఉంటుంది. ఎప్పుడూ లెక్కగా సగమో రెట్టింపో చూపిస్తే అది రిపేరు కాదు, సెట్టింగ్. మీటర్ లెక్కపెట్టేది కాయిల్ (ప్లగ్గులకు స్పార్క్ ఇచ్చేది) కొట్టే దెబ్బల్ని. డిస్ట్రిబ్యూటర్ (ఒకే కాయిల్ స్పార్క్‌ని అన్ని ప్లగ్గులకూ పంచేది) ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో కాయిల్ ఒక చుట్టుకు రెండుసార్లు కొడుతుంది, ఆరు సిలిండర్లైతే మూడు, ఎనిమిదైతే నాలుగు. బయట కొని పెట్టిన మీటర్ల వెనకాల చాలావాటికి సిలిండర్ల స్విచ్ ఉంటుంది, అది 8 మీద ఉండిపోతే నాలుగు సిలిండర్ల బండిలో 900 కాస్తా 450 అవుతుంది. ప్లగ్గుకో కాయిల్ ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్క కాయిల్ నుంచి వైరు లాగితే పావు వంతే చూపిస్తుంది, ఎందుకంటే ఆ కాయిల్ రెండు చుట్లకు ఒకసారే కొడుతుంది.

యాక్సిలరేటర్ తొక్కి ఆర్పీఎం పెంచినప్పుడు మాత్రమే ముల్లు వణికితే, స్పార్క్ అలజడి మీటర్ వైరులోకి దూరుతోందేమో అని ప్లగ్ వైర్లూ, రెసిస్టర్ లేని ప్లగ్గులూ చూడండి. మీటర్‌కి పోయే సన్న వైరు ప్లగ్ వైర్లను ఆనుకుని పోతుంటే దూరంగా జరపండి. అసలు కదలకపోతే ముందు ఫ్యూజు.

నా బండిలో తేడా వేరే. రాత్రి ఇండికేటర్ వేస్తే, టిక్ అన్నప్పుడల్లా ముల్లూ టిక్ మని ఎగిరేది! అది కనిపెట్టింది నేను కాదు, తమ్ముడు. లైట్లతో పాటు ముల్లు ఆడిందంటే ఎర్త్ సరిగా లేదని లెక్క. మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక కొన బ్యాటరీ నెగెటివ్‌కి, రెండోది మీటర్ ఎర్త్ వైరుకి ఆనించి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి హెడ్‌లైట్లు వేయండి. 0.1 వోల్టు లోపు ఉంటే బాగున్నట్టు. నాకు 0.7 వచ్చింది. (ఇదే మల్టీమీటర్‌ని కాయిల్ నెగెటివ్ మీద పెట్టొద్దు, అక్కడ కొన్ని వందల వోల్టులు ఎగదన్నుతాయి.)

వైరు వెంబడి పోతే డ్యాష్‌బోర్డు కింద బాడీకి బిగించిన ఒక స్క్రూ దొరికింది, చుట్టూ పచ్చగా చిలుము. కొత్తపట్నం బీచికి ప్రతి ఆదివారం టాప్ తీసి తిరిగితే ఉప్పుగాలి ఊరుకుంటుందా మరి. బ్యాటరీ వైరు విప్పి, ఆ లగ్గునీ కింద రేకునీ ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కాస్త గ్రీజు పూశా. 0.04కి దిగింది, ముల్లు 900 మీద అతుక్కుపోయినట్టు నిలబడింది.

ఇవన్నీ చూశాక కూడా ఆడుతుంటే అప్పుడు మీటర్ విప్పండి. వేలితో మెల్లగా తట్టినప్పుడు ముల్లు దారికొస్తే లోపల సోల్డర్ వదిలినట్టు, టీవీలు బాగుచేసే మనిషైనా మళ్లీ అతికిస్తాడు. నేను తెచ్చిన రెండో మీటర్ ఇప్పటికీ అటక మీదే ఉంది, అమ్మ నెలకోసారి గుర్తు చేస్తూనే ఉంటుంది.