ఉద్యోగంలో ఉండగానే కొత్తది ఎప్పుడు వెతకాలి, పాతది ఎప్పుడు మానాలి

విశాఖ ప్రాంతంలో పరవాడ ఫార్మా సిటీలో షిఫ్టులు చేసేవారైనా, రుషికొండ ఐటీ కంపెనీల్లో పనిచేసేవారైనా, పోర్టులో కాంట్రాక్టరు కింద ఉన్నవారైనా ఎక్కువగా చేసే పొరపాటు ఒకటే. మేనేజరు మాటన్న రోజు వెతకడం మొదలుపెడతారు, కోపం చల్లారగానే ఆపేస్తారు. ఎప్పుడు వెతకాలో కోపాన్ని బట్టి తేల్చుకోకూడదు, కాగితాలు చూసి తేల్చుకోవాలి. అందులో మొదటిది పీఎఫ్ పాస్‌బుక్.

మీ బేసిక్, డీఏ (కరువు భత్యం) మీద కోసిన 12 శాతాన్ని, తన వాటాతో కలిపి, కంపెనీ తర్వాతి నెల 15వ తేదీలోగా కట్టాలి. యూఏఎన్‌తో (మీ పీఎఫ్ సభ్యత్వ నంబరు) నమోదైన మొబైల్ నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇస్తే చివరిగా జమైన మొత్తం, నిల్వ మెసేజ్‌గా వస్తాయి. పాస్‌బుక్‌లో నమోదు కావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు కాబట్టి ఒక నెల ఆలస్యానికి కంగారు పడనక్కర్లేదు. కానీ జీతం స్లిప్పులో కోత కనిపిస్తూ, రెండు నెలలుగా జమ లేకపోతే ఆ వారమే రెజ్యూమే బయటికి తీయండి. డబ్బుకు ఇబ్బంది పడే కంపెనీ ముందుగా ఉద్యోగి కంట పడని బాకీలు ఆపుతుంది: పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా), బస్సు కాంట్రాక్టరు బిల్లు, క్యాంటీను బిల్లు. ఒకటో తారీఖున పడే జీతం ఏడుకి, తర్వాత పదిహేనుకి జరగడం ఆ తర్వాతి మెట్టు. అప్పటికి మీతోపాటు చాలామంది వెతకడం మొదలుపెట్టి ఉంటారు. ఒకే ప్లాంటు నుంచి ఒకేసారి ఇరవై మంది బయటికొస్తే అవతలివాళ్లు జీతం తగ్గించి మాట్లాడతారు.

పనిలో వచ్చే మార్పులూ గమనించాలి. ఓవర్‌టైమ్ ఆగిపోవడం, మూడు షిఫ్టులు రెండు కావడం, మానేసినవారి స్థానంలో ఎవరినీ తీసుకోకపోవడం, ఈ మూడూ ఒకే సీజన్‌లో కనిపిస్తే ఆర్డర్లు తగ్గాయని అనుకోవచ్చు. కాంట్రాక్టు మనుషులైతే టెండరు గడువు ఎప్పటితో ముగుస్తుందో కనుక్కుని, దానికి మూడు నెలల ముందే వెతకాలి. కొత్త కాంట్రాక్టరు పాతవాళ్లందరినీ ఉంచుకుంటాడన్న హామీ లేదు. ఐటీలో అయితే ఏడాదికోసారి రెజ్యూమే తెరవండి. కొత్తగా రాసుకోవడానికి ఒక్క పంక్తి కూడా లేకపోతే, జీతం బాగానే ఉన్నా మీ విలువ బయట తగ్గుతున్నట్టే.

భద్రత విషయంలో మాత్రం ఏ లెక్కా వద్దు. గ్యాస్ పరీక్ష చేయకుండా ట్యాంకులోకి దిగమన్నా, హాట్ వర్క్ పర్మిట్ (నిప్పురవ్వలు వచ్చే పనికి ఇచ్చే రాతపూర్వక అనుమతి) లేకుండా వెల్డింగ్ చేయించినా, అలారం మోగకుండా కట్టేసి ఉంచినా అక్కడ ఉండాల్సిన పనిలేదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. అలాంటి పనికి ఒప్పుకోకండి, లోపాన్ని రాతపూర్వకంగా తెలియజేయండి, కొత్త ఉద్యోగం దొరికేదాకా వీలైతే వేరే విభాగం అడగండి.

ఒక్క గొడవ, స్నేహితుడికి వచ్చిన హైక్, ఒక ఏడాది ఇంక్రిమెంటు తగ్గడం, ఇవి విడివిడిగా వెళ్లిపోవడానికి కారణాలు కావు.

వెతకడం ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు, మానే తేదీని మాత్రం లెక్కకట్టి పెట్టుకోవాలి. పర్మనెంటు ఉద్యోగికి అయిదేళ్లు నిండితే మానేటప్పుడు కంపెనీ నుంచి గ్రాట్యుటీ అనే మొత్తం వస్తుంది. చివరి బేసిక్, డీఏ కలిపిన మొత్తాన్ని 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. బేసిక్, డీఏ 20,000 ఉంటే అయిదేళ్లకు 57,692 రూపాయలు. నాలుగేళ్ల ఏడు నెలల దగ్గర ఉన్నవారికి నెలకు 3,000 ఎక్కువిస్తామని ఆఫర్ వస్తే, మిగిలిన అయిదు నెలల్లో దానివల్ల వచ్చేది 15,000 మాత్రమే. చేరే తేదీ వెనక్కి జరపమని అడగండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ప్రకారం, ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగులకు (నిర్ణీత కాలానికి నేరుగా తీసుకున్నవారికి) గ్రాట్యుటీకి ఏడాది నిండితే చాలు. ఇంటి లోను పెట్టాలనుకుంటే మారకముందే పెట్టుకోండి, కొత్తగా చేరినవారిని చాలా బ్యాంకులు కొన్ని నెలలు ఆగమంటాయి.

ఆఫర్ చూసేటప్పుడు సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అంకెను పక్కన పెట్టి చేతికొచ్చేది తేల్చుకోవాలి. ఉదాహరణకు ఏడాదికి 6 లక్షలు, బేసిక్ నెలకు 25,000 అనుకుందాం. అందులో వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది) 60,000, యజమాని పీఎఫ్ వాటా (నెలకు 15,000 మీద మాత్రమే 12 శాతం కట్టే కంపెనీ అయితే) 21,600, గ్రాట్యుటీ పేరిట 14,430, బీమా ప్రీమియం 6,000 తీసేస్తే మిగిలేది 4,97,970, అంటే నెలకు 41,497. దాంట్లో మీ పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి 39,500 దాటదు. నెలకు 50,000 అనుకుని చేరినవారు మొదటి జీతం రోజున కంగుతినేది ఇక్కడే. పాత కంపెనీలో బస్సు, భోజనం ఉచితమైతే వాటి ఖర్చూ తీసేయండి. గాజువాకలో ఇల్లుండి రుషికొండకి మారితే రోజూ ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి పోవాలి. ఇంకొకటి: జీతం 21,000 దాటితే కొత్త చోట ఈఎస్ఐ వర్తించదు. ఇంట్లో ఎవరైనా ఈఎస్ఐ ఆసుపత్రిలో చికిత్స తీసుకుంటుంటే, కంపెనీ ఇచ్చే బీమాలో తల్లిదండ్రులకూ, పాత జబ్బులకూ చోటుందో లేదో ముందే అడగాలి.

వెతికేటప్పుడు ఆఫీసు ల్యాప్‌టాప్, ఆఫీసు మెయిల్ వాడొద్దు. నౌకరీ డాట్ కామ్ ప్రొఫైల్‌లో ప్రస్తుత కంపెనీ పేరును బ్లాక్ చేసుకోవచ్చు. మొదటి రౌండ్లు ఫోన్‌లో గానీ వీడియోలో గానీ పెట్టమనండి. బి షిఫ్టు (మధ్యాహ్నం మొదలయ్యేది) వారం ఉదయాలు ఖాళీ కాబట్టి సెలవు ఖర్చు కాదు. రిజిస్ట్రేషన్, ట్రైనింగ్, గేట్ పాస్ అంటూ ముందుగా డబ్బు అడిగే కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి కట్టకండి, స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో పర్మనెంటు ఉద్యోగం ఇప్పిస్తామంటే అసలే కట్టకండి.

నోటి మాట మీద రిజైన్ చేయొద్దు. జీతం విభజన, చేరే తేదీ, నోటీసు గడువు ఉన్న ఆఫర్ లెటరు చేతికి రావాలి. రసాయన ప్లాంటుల్లో చేరేముందు వైద్య పరీక్ష ఉంటుంది, అది రాజీనామాకు ముందే పెట్టమనండి. రాజీనామా ఇచ్చాక పరీక్షలో తేడా వస్తే రెండు ఉద్యోగాలూ పోతాయి. నోటీసు 90 రోజులైతే, తగ్గించుకోవడానికి ఎంత కట్టాలో, అది బేసిక్ మీదా మొత్తం జీతం మీదా అన్నది మీ అపాయింట్‌మెంట్ లెటరులో చూడండి.

రిలీవింగ్ లెటరు, అనుభవ పత్రం, చివరి మూడు జీతం స్లిప్పులు వెళ్లే రోజుకల్లా తీసుకోండి. కొత్త చోట పాత యూఏఎన్‌నే ఇవ్వాలి. పీఎఫ్ విత్‌డ్రా చేసుకోకుండా బదిలీ చేయించుకుంటే, పెన్షనుకు కావాల్సిన పదేళ్ల సర్వీసు తెగిపోదు. అయిదేళ్లలోపు తీసేస్తే పన్ను కూడా పడొచ్చు. పాత కంపెనీ మీరు మానిన తేదీ నమోదు చేయకపోతే, చివరి చందా పడిన నెల నుంచి రెండు నెలలు గడిచాక పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. ఆ తేదీ కొత్త ఉద్యోగంలో చేరిన తేదీకి ముందే ఉండాలి, రెండూ ఒకదానిమీద ఒకటి పడితే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది రావొచ్చు. ఏడాది మధ్యలో మారితే పాత చోట వచ్చిన జీతం, కోసిన పన్ను వివరాలు కొత్త కంపెనీకి రాసివ్వండి. లేకపోతే రెండు కంపెనీలూ స్టాండర్డ్ డిడక్షన్ (జీతంలో పన్ను లెక్కకు రాకుండా తీసేసే మొత్తం) ఇచ్చేసి, రిటర్ను వేసేటప్పుడు పన్ను ఒక్కసారిగా మీ జేబు నుంచి కట్టాల్సి వస్తుంది.